డెలిగేట్ చేతిలో ఓటు, సెక్రటరీ చేతిలో లెక్క

అమెరికా పార్టీలు తమ అధ్యక్ష అభ్యర్థిని ఖరారు చేసే మహాసభల, అంటే నామినేషన్ కన్వెన్షన్ల గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు.

జనం ప్రైమరీల్లో ఓట్లేశాక అభ్యర్థి తేలిపోయినట్టే కదా. మళ్లీ డెలిగేట్లు ఓటేయడం దేనికండీ? – విజయవాడ నుంచి ఒక పాఠకుడు

ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థి కోసం రాష్ట్రాల్లో జరిగే ఎన్నికలో, జనం ఓటేసేది అభ్యర్థి పేరుకే అయినా, ఆ ఓటుతో నిజంగా నిండేది కన్వెన్షన్ హాల్లోని కుర్చీలు. ఏ అభ్యర్థి తరఫున ఎంతమంది డెలిగేట్లు (ప్రతినిధులు) ఆ కుర్చీల్లో కూర్చోవాలో ప్రైమరీ తేలుస్తుంది. పార్టీ తరఫున ఫలానా వ్యక్తి పోటీ చేస్తున్నారని అధికారికంగా చెప్పేది మాత్రం డెలిగేట్ల ఓటు. మన దగ్గర బీ-ఫారం ఎలాగో అక్కడ అది అలాగ. ఎంత ప్రచారం జరిగినా చేతికి బీ-ఫారం రానిదే పార్టీ గుర్తు రాదు కదా. తేడా ఏమిటంటే, మన బీ-ఫారం మీద అధిష్ఠానం సంతకం ఉంటుంది, అక్కడ వేల మంది ఓటు ఉంటుంది.

2024లో మిల్వాకీలో జరిగిన రిపబ్లికన్ కన్వెన్షన్‌లో డెలిగేట్లు 2,429 మంది. గెలవాలంటే 1,215 ఓట్లు రావాలి. ట్రంప్‌కు 2,387 వచ్చాయి. డెమొక్రాట్ల సంఖ్య దాదాపు దీనికి రెట్టింపు.

ఓట్లు ఎక్కువ వచ్చినా డెలిగేట్లు తక్కువ రావడం సాధ్యమేనా? – కర్నూలు నుంచి ఒక లెక్కల మాస్టారు

సాధ్యమే. జరిగింది కూడా. మాస్టారు అడిగారు కాబట్టి లెక్కతోనే చెబుతాం.

డెమొక్రాట్లది అన్ని రాష్ట్రాల్లోనూ దామాషా పద్ధతే. అయితే 15 శాతం రాని అభ్యర్థికి ఒక్క డెలిగేటు కూడా దక్కడు. పైగా ఈ లెక్క రాష్ట్రం మొత్తానికి ఒకసారి, ప్రతి జిల్లాకూ విడివిడిగా మరోసారి వేస్తారు. ఒక జిల్లాకు 6గురు డెలిగేట్లు ఉన్నారనుకోండి. అభ్యర్థులకు వరసగా 55, 31, 9, 5 శాతం ఓట్లు వచ్చాయి. చివరి ఇద్దరినీ పక్కన పెడితే మిగిలింది 86. అందులో మొదటివారి వాటా 55ను 86తో భాగించి 6తో గుణిస్తే 3.84, రెండోవారికి 2.16. ముందు పూర్ణాంకాలు పంచుతారు: 3, 2. మిగిలిన ఒక్క కుర్చీ పెద్ద భిన్నం ఉన్నవారికి పోతుంది. అంటే 4–2.

తిరకాసు సరి, బేసి సంఖ్యల దగ్గర వస్తుంది. ఇద్దరే పోటీలో ఉండి జిల్లాకు 5గురు డెలిగేట్లుంటే 51 శాతానికే 3–2 ఆధిక్యం. అదే 4గురుంటే 60 శాతం తెచ్చుకున్నా 2–2 సమానమే. మూడో డెలిగేటు కావాలంటే 62.5 శాతం దాటాలి. అందుకే ఆరితేరిన ప్రచార బృందాలు సరి సంఖ్య జిల్లాలో మనుషుల్నీ డబ్బునూ పెద్దగా పెట్టవు. 55 వచ్చినా 45 వచ్చినా ఫలితం అదే అయినప్పుడు అక్కడ చెమటోడ్చడం దండగ.

2008 నెవాడా కాకస్‌లో (ప్రైమరీకి బదులు పార్టీవాళ్లు సభలుగా కూడి తేల్చే పద్ధతి) ఓట్లలో హిల్లరీ క్లింటన్ ముందున్నారు. డెలిగేట్లు మాత్రం ఒబామాకు 13, ఆమెకు 12. లాస్ వేగాస్ వైపు ఆమె బలం సరి సంఖ్యల్లో సమంగా చీలిపోతే, ఒబామా గట్టిగా ఉన్న గ్రామీణ ప్రాంతాల్లో బేసి సంఖ్య ఆయనకు కలిసొచ్చింది.

రిపబ్లికన్లది వేరే దారి. మార్చి 15కు ముందు ప్రైమరీ పెట్టే రాష్ట్రాలు దామాషాలో పంచాలి. ఆ తర్వాత పెట్టేవి గెలిచినవారికే మొత్తం కట్టబెట్టవచ్చు. అందుకే అక్కడ పోటీ త్వరగా తెగుతుంది, డెమొక్రాట్లలో జీడిపాకంలా సాగుతుంది.

టీవీలో ఒక్కో రాష్ట్రం లేచి ‘ఇన్ని ఓట్లు’ అని గట్టిగా చెబుతుంది. అప్పుడేనా ఓటేసేది? మధ్యలో ‘పాస్’ అంటారెందుకు? – కాకినాడ నుంచి ఒక పాఠకురాలు

మీరు చూసేది ఓటు చదవడం. వేయడం అంతకుముందే అయిపోతుంది.

దాన్ని రోల్ కాల్ అంటారు. ప్రతి రాష్ట్ర బృందానికీ ఒక చైర్మన్ ఉంటారు. వాళ్లు తమ డెలిగేట్లను ఒక్కొక్కరినీ అడిగి ఓట్లు కాగితం మీదికి ఎక్కిస్తారు. రహస్య ఓటు కాదు, ఎవరు ఎవరికి వేశారో పక్కవారికి తెలుస్తుంది. డెలిగేటు రాకపోతే ఆ కుర్చీలో ఆల్టర్నేట్ (బదులు డెలిగేటు) కూర్చుని ఓటేస్తారు. డెమొక్రాట్లలో ఒకరి ఓటు ఇంకొకరు రాసిచ్చే పద్ధతి చెల్లదు.

వేదిక మీద కన్వెన్షన్ సెక్రటరీ రాష్ట్రాలను మామూలుగా అక్షర క్రమంలో పిలుస్తారు. అప్పుడు అలబామాతో మొదలవుతుంది. చైర్మన్ లేచి తమ రాష్ట్రం కొండలు, పంటలు, ఫుట్‌బాల్ జట్టు గురించి నాలుగు మాటలు గొప్పలు చెప్పుకుని అంకె చదువుతారు. సెక్రటరీ ఆ అంకెను మళ్లీ పైకి చెబుతారు. లెక్కలోకి ఎక్కేది ఆ రెండో మాటే. ఈ ముక్క గుర్తుంచుకోండి, కింద అవసరమవుతుంది. బృందంలో ఎవరికైనా తమ చైర్మన్ చదివిన అంకె మీద అనుమానముంటే అక్కడికక్కడే అభ్యంతరం చెప్పవచ్చు. అప్పుడు పేరు పేరునా పిలిచి అడుగుతారు.

‘పాస్’ చాలావరకు ముచ్చట కోసమే. మెజారిటీ దాటించే ఓటు ఫలానా రాష్ట్రం నుంచే రావాలని ముందే అనుకుంటారు. అంతకుముందు వచ్చే రాష్ట్రాలు కొన్ని తప్పుకుని దారిస్తాయి. 2008లో డెన్వర్‌లో ఆఖరికి న్యూయార్క్ వంతు వచ్చినప్పుడు స్వయంగా హిల్లరీ క్లింటనే లేచి, లెక్క ఆపి ఒబామాను ఏకగ్రీవంగా ప్రకటించమని ప్రతిపాదించారు. నోటిమాట ఓటుతో అది నెగ్గింది.

ఉపాధ్యక్ష అభ్యర్థి విషయంలో నోటి ఓటే మామూలైపోయింది. మిల్వాకీలో జేడీ వాన్స్‌ను అలాగే ఎన్నుకున్నారు. మన ఆంధ్ర మూలాలున్న ఉషా చిలుకూరి వాన్స్ పక్కనున్న దృశ్యం చాలామంది తెలుగువారు ఆసక్తిగా చూసి ఉంటారు. ఆ సమయంలో అక్కడ ఎవరూ తలలు లెక్కపెట్టలేదు.

గెలిపించిన అభ్యర్థికి కాక డెలిగేటు వేరేవారికి ఓటేస్తే? – వరంగల్ నుంచి ఒక లా విద్యార్థి

రెండు పార్టీల జవాబు రెండు రకాలు.

డెమొక్రాట్ల నియమంలో మాట ‘మనస్సాక్షి’. తమను పంపిన ఓటర్ల అభిప్రాయాన్ని మనస్సాక్షిగా ప్రతిబింబించాలంటుంది. గొలుసేసి కట్టేయదు. ఇలా మెత్తబడడానికి వెనక ఒక పేచీ ఉంది. 1980లో మొదటి రౌండ్‌లో డెలిగేటు మాట తప్పితే తీసేసి మరొకరిని పెట్టవచ్చని గట్టి నియమం ఉండేది. అప్పటి అధ్యక్షుడు కార్టర్‌కు సరిపడా డెలిగేట్లున్నారు. ఆయనతో పోటీపడుతున్న ఎడ్వర్డ్ కెన్నెడీ పక్షానికి ఆ నియమాన్ని కొట్టేయించడం ఒక్కటే దారి. న్యూయార్క్‌లో దాని మీద ఓటింగ్ పెడితే కార్టర్ వైపు 1,936, కెన్నెడీ వైపు 1,390 వచ్చాయి. అభ్యర్థి ఎవరన్నది ఆ ఓటుతోనే తేలింది, కెన్నెడీ ఆ రాత్రే తప్పుకున్నారు. తర్వాత నియమాన్ని మార్చేశారు. కన్వెన్షన్లలో అసలు కుస్తీ నియమాల మీద జరుగుతుంది. 1976లో రిపబ్లికన్లలోనూ అంతే. ఉపాధ్యక్ష అభ్యర్థి పేరు ముందే చెప్పాలన్న రీగన్ పక్షం ప్రతిపాదన 1,180–1,069తో ఓడింది. మర్నాడు అసలు ఓటు అప్పటి అధ్యక్షుడు ఫోర్డ్‌కు 1,187, రీగన్‌కు 1,070. అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ ఒకే ఓటని అర్థమవుతుంది.

రిపబ్లికన్లలో డెలిగేటుకు అంత స్వేచ్ఛ లేదు. కట్టుబడిన ఓటుకు భిన్నంగా ఏం చెప్పినా సెక్రటరీ దాన్ని గుర్తించరు, ఓటు ఎక్కడికి పోవాలో అక్కడికే రాసుకుంటారు. 2016లో క్లీవ్‌లాండ్‌లో అలాస్కా బృందం క్రూజ్‌కు 12, ట్రంప్‌కు 11, రూబియోకు 5 అని చదివింది. వేదిక మీద నుంచి వచ్చిన లెక్క: ట్రంప్‌కు 28. వాషింగ్టన్ డీసీ వారు రూబియోకు 10, కేసిచ్‌కు 9 అన్నారు. రాసుకున్నది ట్రంప్‌కు 19. అలాస్కావారు అభ్యంతరం చెప్పి పేర్లు పిలిపించినా లెక్క మారలేదు. తప్పుకున్న అభ్యర్థుల డెలిగేట్లు మిగిలినవారికి పోతారని వాళ్ల సొంత రాష్ట్ర పార్టీ నియమంలోనే ఉందన్నది వేదిక వాదన. మన అభిప్రాయం అడిగితే, నియమం ప్రకారం వేదిక మాటకు పట్టుంది. కానీ హాల్లో చదివించి మరీ మార్చి రాయడం చూడ్డానికి బాగాలేదు.

అభ్యర్థే తన డెలిగేట్లను విడుదల చేస్తే ఈ తంటా ఉండదు. 2024లో ట్రంప్‌తో పోటీపడిన నిక్కీ హేలీ తన 97 మందిని కన్వెన్షన్‌కు ముందే విడుదల చేసి ట్రంప్‌కు వేయమన్నారు.

ఎవరికీ మెజారిటీ రాకపోతే? – నెల్లూరు నుంచి ఒక పాఠకుడు

వచ్చేదాకా ఓటేస్తూనే ఉంటారు. రౌండు మారేకొద్దీ డెలిగేట్ల కట్లు సడలుతాయి, బేరాలు మొదలవుతాయి.

డెమొక్రాట్లకు 1936 దాకా మెజారిటీ చాలేది కాదు, మూడింట రెండొంతులు కావాలి. 1912లో చాంప్ క్లార్క్ సగం దాటినా ఆ గీత అందుకోలేక, 46వ రౌండ్‌లో విల్సన్ చేతిలో ఓడారు. 1924లో న్యూయార్క్‌లో మెకాడూ, అల్ స్మిత్ పంతాలకు పోతే 103 రౌండ్లు పట్టాయి. రౌండుకోసారి అలబామా గవర్నర్ లేచి ‘24 ఓట్లు ఆస్కార్ అండర్‌వుడ్‌కు’ అంటుంటే చివరికి గ్యాలరీ జనమంతా ఆయనతో గొంతు కలిపేవారట. ఇద్దరూ కాక మూడో మనిషి, జాన్ డేవిస్, నామినేషన్ దక్కించుకుని నవంబరులో ఓడిపోయారు. ఒక రౌండ్‌తో తేలని కన్వెన్షన్ 1952 తర్వాత ఏ పార్టీలోనూ రాలేదు.

ఇప్పుడు వస్తే డెమొక్రాట్లలో సూపర్ డెలిగేట్లు రంగంలోకి దిగుతారు. వీళ్లు ఎంపీల్లాంటి కాంగ్రెస్ సభ్యులు, గవర్నర్లు, జాతీయ కమిటీవారు. ఎవరికీ కట్టుబడి ఉండరు. 1984 నుంచి మొదటి రౌండ్‌లోనే వేసేవారు. 2016లో హిల్లరీతో పోటీపడిన సాండర్స్ పక్షం గోల పెట్టాక 2018లో నియమం మార్చారు: వాళ్ల ఓటుతో ఫలితం మారే అవకాశం ఉంటే మొదటి రౌండ్‌లో వేయకూడదు, రెండో రౌండ్ నుంచి వేయవచ్చు.

బైడెన్‌కు వేయాల్సిన డెలిగేట్లు హారిస్‌కు ఎలా వేశారు? – గుంటూరు నుంచి ఒక పాఠకురాలు

2024 జులై 21న బైడెన్ తప్పుకోగానే వాళ్లు ఎవరికీ కట్టుబడని డెలిగేట్లయ్యారు. మనస్సాక్షి నియమం అక్కడ అక్కరకొచ్చింది. అభ్యర్థిగా నిలబడాలంటే కనీసం 300 మంది డెలిగేట్ల సంతకాలు కావాలి, ఒక్క రాష్ట్రం నుంచి 50కి మించి లెక్కలోకి రావు. ఆ గీత దాటింది హారిస్ ఒక్కరే. ఆగస్టు 1 నుంచి 5 దాకా ఆన్‌లైన్‌లో ఓటేస్తే 99 శాతం ఆమెకే పడ్డాయి.

షికాగో కన్వెన్షన్ 19న పెట్టుకుని ముందే ఎందుకు వేయించారంటే, కారణం ఒహాయో. అక్కడ అభ్యర్థి పేరు ఇవ్వడానికి గడువు ఆగస్టు 7. రాష్ట్రం చట్టం చేసి గడువు పెంచింది గానీ అది అమల్లోకి వచ్చేది ఆ తేదీ దాటాకే. కోర్టు చిక్కు ఎందుకని పార్టీ తొందరపడింది. షికాగోలో పాటలతో మీరు చూసిన రోల్ కాల్ ఉత్సవ విగ్రహం లాంటిది. మూలవిరాట్టు ఆగస్టు మొదటి వారంలోనే కంప్యూటర్లలో వెలిసింది.

మేం డాలస్‌లో ఉంటాం, ఇద్దరం సిటిజన్లమే. డెలిగేటు కావాలంటే ఏం చేయాలి? – ఒక తెలుగు జంట

టెక్సాస్‌లో మెట్లెక్కుతూ పోవాలి: ముందు ప్రిసింక్ట్ (పోలింగ్ పరిధి), తర్వాత కౌంటీ లేదా సెనేట్ జిల్లా కన్వెన్షన్, ఆపైన రాష్ట్ర కన్వెన్షన్. ప్రైమరీలో ఆ పార్టీ బ్యాలెట్ మీదే ఓటేసి ఉండాలి. డెమొక్రాట్లయితే ఎవరికి మద్దతో రాసిచ్చే ప్రతిజ్ఞా పత్రం గడువులోపు పంపాలి. ఇక్కడే చాలామంది తప్పిపోతారు, తర్వాత చూద్దాంలే అనుకునేసరికి తేదీ దాటిపోతుంది. పంపిన పేర్లను అభ్యర్థి బృందం వడకట్టవచ్చు, అంటే మీరు వాళ్లకు ముందే తెలిసిన మొహాలై ఉండాలి. స్త్రీ పురుషులు సమానంగా ఉండాలన్న నియమం వల్ల మీ ఇద్దరిలో ఒకరికే కుర్చీ దొరికినా ఆశ్చర్యపోకండి. ప్రయాణం, హోటల్ ఖర్చు మామూలుగా మీదే.

ఇంకో సంగతి. 2016లో ఇల్లినాయ్ రిపబ్లికన్ ప్రైమరీలో డెలిగేట్ల పేర్లే బ్యాలెట్ మీద ఉన్నాయి. ఒకే జట్టులో ఉన్నా, విదేశీయంగా వినిపించిన పేర్లున్న ట్రంప్ డెలిగేట్లకు పక్కవారి కంటే ఓట్లు తగ్గాయి. మన ఇంటిపేర్ల పొడవు తెలిసిందే కదా. టెక్సాస్‌లో ఆ బెంగ లేదు, పేర్లు కన్వెన్షన్‌లోనే తేలతాయి.

మన దేశంలో ఇలా డెలిగేట్లు ఓటేసిన సందర్భం ఉందా? – తెనాలి నుంచి ఒక పాఠకుడు

కాంగ్రెస్ అధ్యక్ష పదవికి ఉంది. 1939 జనవరిలో సుభాష్ చంద్రబోసు, మన భోగరాజు పట్టాభి సీతారామయ్య పోటీ పడితే డెలిగేట్లు ఏ రాష్ట్రంలో వాళ్లు ఆ రాష్ట్రంలోనే ఓటేశారు. బోసు దాదాపు 200 ఓట్ల తేడాతో గెలిచారు. పట్టాభి ఓటమి తన ఓటమేనని గాంధీజీ అన్నది అప్పుడే.

2022 అక్టోబరు 17న ఖర్గే, థరూర్ పోటీ పడినప్పుడూ ఓటర్లు డెలిగేట్లే. అమెరికాకు భిన్నంగా ఇది రహస్య బ్యాలెట్. పోలైన 9,385లో ఖర్గేకు 7,897, థరూర్‌కు 1,072, చెల్లనివి 416. పేరు ఎదుట ‘1’ అంకె వేయాలని మొదట చెప్పారు. ఖర్గే పేరు వరసలో మొదటిది, థరూర్‌ది రెండోది. అంకె వేయమంటే ఓటరు తికమకపడతాడని థరూర్ పక్షం అభ్యంతరం చెప్పడంతో టిక్ గుర్తుకు మార్చారు.