ఐస్ హాకీ కోసం బడి మాన్పించాలా?

ప్రశ్న: మా అబ్బాయికి 13 ఏళ్లు. ఐస్ హాకీ బాగా ఆడుతున్నాడు. బడి మాన్పించి, ఏడాది పొడవునా శిక్షణ ఇచ్చే హాకీ అకాడమీలో చేర్చమని కోచ్ అంటున్నారు. ఇప్పుడు చేర్చకపోతే ఆలస్యమవుతుందని మా భయం. ముందుముందు కెనడాలోని యువ ఆటగాళ్ల జూనియర్ లీగ్ మార్గం మేలా, అమెరికా కాలేజీ హాకీ మార్గం మేలా? — ఒక తండ్రి

జవాబు: మీరు అడిగింది రెండు మార్గాల గురించే అయినా, మీకు నిద్ర లేకుండా చేస్తున్నది ఈ ఏడాది దాటితే అవకాశం చేజారుతుందన్న భయమే. తరచూ వచ్చే ఉత్తరమే ఇది కనుక ముందు దాని సంగతి చూద్దాం. ఉత్తర అమెరికాలోని అగ్రశ్రేణి లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ జట్లు ఏటా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌కు అర్హత వచ్చేదే 18 ఏళ్లకు. ఆ ఏడు ఎవరూ ఎంచుకోకపోతే మరుసటి ఏడు కూడా అవకాశం ఉంటుంది. ఏ డ్రాఫ్ట్‌లోనూ ఎంపిక కాని మార్టిన్ సెయింట్ లూయీ కాలేజీ హాకీ ఆడి వచ్చి, 2004లో లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీని అందుకున్నాడు. పైగా కెనడా, అమెరికాలలో శరీరంతో ఢీకొని పక్‌ను (ఆటలో కొట్టే రబ్బరు బిళ్లను) లాక్కోవడాన్ని 13, 14 ఏళ్ల విభాగం నుంచే అనుమతిస్తారు. అంటే మీ అబ్బాయి అసలైన ఆటలో ఇప్పుడే అడుగుపెడుతున్నాడు. ముందుగా ఎత్తు పెరిగిన పిల్లలకు ఇంతవరకు దక్కిన ఆధిక్యం ఎంతకాలం నిలుస్తుందో ఏ కోచ్ కూడా ఇప్పుడే చెప్పలేడు.

ఏడాది పొడవునా ఒకే ఆట ఆడించే ఈ అకాడమీల ఒరవడిపై నాకు అనుమానాలున్నాయి. విరామం లేని స్కేటింగ్ వల్ల తుంటి, గజ్జల భాగంలో గాయాలు పెరుగుతాయి. వేసవిలో ఫుట్‌బాలో, వల కట్టిన కర్రతో బంతి ఆడే లాక్రోసో ఆడిన పిల్లవాడు వెనకబడడు. ఖాళీ జాగాను కనిపెట్టే చూపు అక్కడా అలవడుతుంది. ఇక లెక్క చూడండి: ఎన్‌హెచ్‌ఎల్‌లో 32 జట్లు, ఒక్కో జట్టుకు సాధారణంగా 23 మంది, ఏటా డ్రాఫ్ట్‌లో 224 ఎంపికలు. ఎంపికైన వారిలోనూ చాలామంది ఆ లీగ్‌లో స్థిరపడరు. దానికి దిగువ స్థాయిలో ఉన్న ఈసీహెచ్ఎల్ అనే లీగ్‌లో జీతం సీజన్ నడిచినన్నాళ్లు వారాల లెక్కన వస్తుంది. స్వీడన్, ఫిన్లాండ్, జర్మనీ లీగ్‌లలో గౌరవంగా బతికే ఆటగాళ్లూ ఉన్నారు, అదీ మంచి వృత్తే.

కొంచెం కటువుగా చెబుతున్నందుకు ఏమీ అనుకోకండి. మీ ఉత్తరంలో కోచ్ మాట ఉంది, మీ భయం ఉంది, అబ్బాయి ఏమనుకుంటున్నాడో ఒక్క వాక్యం కూడా లేదు. మ్యాచ్ ఓడి వచ్చి స్కేట్ల తాళ్లు విప్పుకుంటున్న పిల్లవాడు ముందు తండ్రి ముఖం వైపు చూస్తున్నాడంటే, ఆ ఆట ఎవరికోసం సాగుతోందో మీరే ఆలోచించండి. ఇంటికి వచ్చే దారంతా అతని తప్పులు లెక్కపెట్టే అలవాటు మీకుంటే ఈరోజే మానండి.

మీరు కోరిన పోలిక విషయానికి వస్తే, రెండింటిలో ఏదో ఒకటే ఎంచుకోవాలన్న పట్టు చాలావరకు సడలింది. కెనడా మేజర్ జూనియర్ లీగ్‌లలో ఆడినవారికి అమెరికా కాలేజీ హాకీలో ఒకప్పుడు ప్రవేశం ఉండేది కాదు. 2025 ఆగస్టు నుంచి ఉంది. జూనియర్ లీగ్ ఇచ్చే చదువు ఉపకార వేతనానికి గడువులు, షరతులు ఉంటాయి కనుక సంతకానికి ముందు చదవండి. రెండు మార్గాలకూ కావలసింది బడి చదువు తెగకుండా సాగడమే. అందుకే 15 ఏళ్లు వచ్చేవరకు అబ్బాయిని ఇప్పుడున్న బడిలోనూ, ఇప్పుడున్న జట్టులోనూ కొనసాగించండి. అప్పటికి అకాడమీకి వెళతానని తానే అడిగితే, ఆ ఉత్తరం అతని చేత రాయించండి.