పాఠకుల ప్రశ్నలు: సార్గెరస్ లేని అజెరోత్

ప్రశ్న: అయ్యా, నేను కర్నూలులో డిగ్రీ చదువుతున్నాను. మా గదిలో ఉండే నలుగురమూ 'వార్‌క్రాఫ్ట్' ఆటలు ఆడినవాళ్లమే. ఆ లోకంలోని ప్రధాన ప్రతినాయకుడైన సార్గెరస్ అసలు చెడుదారి పట్టకపోయి ఉంటే ఏమయ్యేదన్న ఊహతో ఇప్పుడు సొంతంగా ఒక కథ అల్లుతున్నాము. "వాడు లేకపోతే యుద్ధాలే ఉండవు, ఇక కథేముంది?" అని ఒక మిత్రుడు అంటున్నాడు. "వాడు కాకపోతే ఇంకొకడు వస్తాడు, ఏమీ మారదు" అని మరొకడి వాదన. ఎవరి మాట నమ్మమంటారు?
— ఒక విద్యార్థి, కర్నూలు

జవాబు: ఇద్దరి మాటా నమ్మవద్దు. వారిద్దరూ సార్గెరస్‌ను యుద్ధాలకు కారకుడిగా మాత్రమే చూస్తున్నారు. ఆ లోకంలో అతడు యుద్ధాలకంటే ఎక్కువగా పరిచయాలకు కారకుడు. ఏ జాతి ఏ జాతికి ఎదురుపడింది, ఎవరి విద్య ఎవరికి అందింది, ఎవరు ఎవరి పొరుగున కాపురం పెట్టవలసి వచ్చింది అన్న ప్రశ్నలలో దేనిని పట్టుకుని వెనక్కి వెళ్లినా చివరకు అతడి దగ్గరే తేలుతాము.

ఆట తెలియని పాఠకుల కోసం కొంత చెప్పాలి. వార్‌క్రాఫ్ట్ మొదటి ఆట 1994లో, మూడవది 2002లో, లక్షలాది మంది కలిసి ఆడే 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' 2004 నవంబరులో వచ్చాయి. కథ ప్రకారం టైటాన్లనే మహాశక్తులు లోకాలను తీర్చిదిద్దుతూ తిరుగుతుంటారు. సార్గెరస్ వారిలో మేటి యోధుడు. లోకాలను పీడించే రాక్షసులను పట్టి చెరలో వేయడం అతడి పని. వాయిడ్ అనే శూన్యలోకపు శక్తులు, ఇంకా కళ్లు తెరవని ఒక లోకాత్మను లోపలి నుంచే చెరచి తమ ఆయుధంగా మార్చుకోబోతున్నాయని అతడికి ఒకనాడు తెలిసింది. ఆ భయంతో అతడు ఆ గ్రహాన్నే కత్తితో చీల్చివేశాడు. తోటి టైటాన్లు తప్పుపట్టగా వారి నుంచి విడిపోయి, వాయిడ్‌కు చిక్కే లోకాలంటూ మిగలకుండా అన్నింటినీ కాల్చివేయడమే మార్గమని నిశ్చయించుకుని, తాను చెరవేసిన రాక్షసులను తానే విడిపించి 'బర్నింగ్ లీజియన్' అనే సైన్యాన్ని కూర్చాడు. అతడిని చెరిచింది దురాశ కాదు, భయం. ఈ సంగతి మీ కథకు చాలా ముఖ్యం, ఎందుకంటే మీరు సార్గెరస్‌ను తొలగించినా అతడు భయపడిన ఆ శూన్యం ఎక్కడికీ పోదు.

కాబట్టి అతడిని ఏ ఘట్టంలో తొలగిస్తున్నారో ముందుగా తేల్చుకోండి. అసలు పుట్టనే లేదంటే రాక్షసులను చెరలో వేసేవాడే ఉండడు. వాళ్లు ఏకమై సైన్యంగా రాకపోవచ్చుగానీ విశ్వమంతటా విచ్చలవిడిగా తిరుగుతుంటారు. పుట్టి, చెడిపోలేదంటే చెర భద్రంగా ఉంటుంది. మీరు రెండవదాన్ని ఎంచుకున్నారు. నా ఉద్దేశంలో అదే మంచి ఎంపిక.

ఇక ముందుగా మారేది పటం. ఆట జరిగే లోకం పేరు అజెరోత్. ఆట కథాకాలానికి పదివేల సంవత్సరాల పూర్వం అది ఒకే మహాఖండం. దాని నడుమ 'అక్షయ బావి' అనదగిన ఒక మాంత్రిక సరోవరం ఉండేది, దాని ఒడ్డున రాణి అజ్షారా ఏలిన 'రాత్రి ఎల్ఫులు' అనే జాతి సామ్రాజ్యం వర్ధిల్లింది. ఆ సరోవరపు మంత్రశక్తిని ఎల్ఫులు విచ్చలవిడిగా వాడడం వల్లనే లీజియన్ కన్ను ఈ లోకం మీద పడింది. ఆనాటి యుద్ధం చివర సరోవరం కుప్పకూలి నేల ముక్కలై, మధ్యలో సముద్రం సుడిగుండంగా మిగిలింది. సార్గెరస్ లేకపోతే ఇదేదీ జరగదు. తూర్పు రాజ్యాలు, కాలిమ్‌డోర్, నార్త్‌రెండ్ అంటూ వేర్వేరు ఖండాలు ఉండవు. ఆటగాళ్లు ఓడల కోసం, జెప్పెలిన్ల కోసం రేవుల్లో పడిగాపులు కాయవలసిన పనీ ఉండదు.

అజ్షారా మాత్రం ఉంటుంది. ఆమె అహంకారాన్ని సార్గెరస్ పుట్టించలేదు, వాడుకున్నాడు. అలిగి బయటికి వెళ్లేవారు లేక, ఓడించేవారు లేక, ఆ సామ్రాజ్యం మరో పదివేల సంవత్సరాలు పెరిగితే ఎలా ఉంటుందో ఊహించండి. శాంతి అని మీ మొదటి మిత్రుడు అంటున్నది, ట్రోల్ అనే మరో జాతి పల్లెలో నిలబడి చూస్తే, శాంతిలా కనిపించదు.

ఆ తర్వాతి లంకె నాకు అన్నింటికంటే ఇష్టమైనది. యుద్ధం తర్వాత మంత్రవిద్యను వదులుకోలేని ఎల్ఫులను తోటివారు వెళ్లగొట్టారు. వాళ్లు తూర్పున క్వెల్‌థలాస్ రాజ్యాన్ని కట్టుకుని, అక్కడి అమాని ట్రోల్‌లతో తలపడి, గత్యంతరం లేక మనుషుల సాయం కోరారు. సాయానికి బదులుగా నూరుమంది మనుషులకు మంత్రవిద్య నేర్పారు. మనుషుల చేతికి మంత్రం అందింది అలాగే. ఆ విద్య మీదనే దలరాన్ అనే మాంత్రికుల నగరం లేచింది. సార్గెరస్‌ను తీసివేస్తే వెలివేత లేదు, క్వెల్‌థలాస్ లేదు, ఆ నూరుమంది లేరు, దలరాన్ లేదు. మనుషులు ఉంటారు, ఎందుకంటే వారి పుట్టుక వేరే శాపం వల్ల. కానీ వారి చేతిలో కత్తి తప్ప మరేమీ ఉండదు.

మన జిల్లాలకు తెలిసిన ఉదాహరణ ఒకటి చెబుతాను. సుంకేసుల నుంచి కడప దాకా సాగే కె.సి. కాలువను 1860ల్లో ఒక ప్రైవేటు కంపెనీ పడవల రవాణా కోసం, సాగునీటి కోసం తవ్వింది. అది లాభసాటిగా నడవక 1882లో ప్రభుత్వమే కొనుక్కుంది. కంపెనీ ఆశ నెరవేరలేదు, కానీ కాలువ వెంట పైర్లు, ఊళ్లు, సంతలు, వియ్యాలు నిలిచిపోయాయి. సార్గెరస్ కూడా అనుకున్నది సాధించలేదు. అతడు తవ్విన దారి వెంట మాత్రం ఒక లోకమంతా స్థిరపడింది.

ఓర్క్‌లనే యోధజాతి సంగతి మీకు తెలిసిందే కనుక క్లుప్తంగా చెబుతాను. వారి లోకం డ్రేనార్. ఆర్గస్ లోకపు ఎరెడార్ నాయకులు కిల్‌జేడెన్, ఆర్కిమోండ్ సార్గెరస్ పక్షాన చేరగా, కాదన్న వెలెన్ తన వారితో పారిపోయి డ్రేనార్‌లో తలదాచుకున్నాడు. అతడిని వెంటాడుతూ వచ్చిన కిల్‌జేడెన్ అక్కడి ఓర్క్‌లను చెరిచాడు. రాక్షస రక్తం తాగించారు. సార్గెరస్ ఆత్మ ఆవహించిన మెడివ్ అనే మాంత్రికుడు, అజెరోత్ వైపు నుంచి, రెండు లోకాలనూ కలిపే చీకటి ద్వారం తెరిచాడు. ఈ గొలుసంతా తెగితే వెలెన్ ఆర్గస్‌లోనే ఉంటాడు, ఓర్క్‌లు తమ కొండల్లోనే తెగల తగవులు పడుతూ ఉంటారు, మనుషుల స్టార్మ్‌విండ్ నగరం కాలదు. ఆ దండయాత్ర వల్లనే ఏర్పడిన 'సిల్వర్ హ్యాండ్' అనే ధర్మయోధుల సంఘం కూడా పుట్టదు. ఆ సంఘంలో చేరి, ఆ తర్వాత పతనమై, చచ్చి లేచినవారిని ఏలే లిచ్ కింగ్‌గా మారిన రాకుమారుడు ఆర్థస్, తండ్రి తర్వాత గద్దెనెక్కిన ఒక సామాన్యపు రాజుగా ముసలివాడై పోతాడు. అతడికి అంతకంటే మంచి బతుకు లేదు. కథకుడికి మాత్రం అతడితో పనే లేదు. ఆటలో చేరగానే మనుషులుండే అలయన్స్ పక్షమా, ఓర్క్‌లుండే హోర్డ్ పక్షమా అని అడిగే తెర ఉంటుంది చూడండి, ఆ ప్రశ్నే పుట్టదు. 2004లో ఎంచుకోవడానికి ఇచ్చిన ఎనిమిది జాతుల్లో, చచ్చి లేచిన 'ఫర్‌సేకెన్' జాతి ఉండనే ఉండదు, ఓర్క్‌లు వేరే లోకంలో ఉంటారు.

మీ రెండవ మిత్రుడి వాదనను ఆట రచయితలే రెండుసార్లు పరీక్షకు పెట్టారు. 2014 నవంబరులో వచ్చిన భాగంలో గారోష్ అనే ఓర్క్ నాయకుడు మరో డ్రేనార్ గతంలోకి వెళ్లి, తన తండ్రి గ్రోమాష్ రాక్షస రక్తం తాగకుండా ఆపుతాడు. ఫలితం శాంతి కాదు. 'ఐరన్ హోర్డ్' అనే మరో దండు. అయితే ఇది కల్తీ లేని పరీక్ష కాదు, ఎందుకంటే గారోష్ తనతో పాటు భవిష్యత్తు ఆయుధాల తెలివిని, తన పగను కూడా మోసుకుపోయాడు. రెండవ పరీక్ష మేలైనది. 2017 చివర సార్గెరస్‌ను టైటాన్లు బంధించారు. లాక్కుపోతున్న క్షణంలో అతడు తన కత్తిని సిలిథస్ ఎడారిలో దించాడు. ఆ గాయం నుంచి ఊరిన అజెరైట్ అనే ఖనిజం కోసం, 2018 ఆగస్టులో వచ్చిన భాగంలో అలయన్స్, హోర్డ్ మళ్లీ కత్తులు దూశాయి. హోర్డ్ అధినేత్రి సిల్వానస్ ఆజ్ఞతో రాత్రి ఎల్ఫుల మహావృక్షం తగలబడింది. శత్రువు పోయాడు, తగవు మిగిలింది. దీన్నిబట్టి ఏమీ మారదని మీ మిత్రుడు అనవచ్చు. కానీ అది సార్గెరస్ వల్లనే ఒకచోట చేరిన రెండు పక్షాల తగవు, అతడి కత్తి గాటు నుంచే వచ్చిన ఖనిజం కోసం. మొదటి నుంచీ లేని సార్గెరస్, చివర్లో తొలగిన సార్గెరస్ ఒకటి కాదు.

మరి శత్రువుగా ఎవరిని పెట్టుకోవాలంటారా? వాయిడ్ పంపగా వచ్చి, నేల కింద బంధింపబడిన ఓల్డ్ గాడ్స్ అనే దుష్టశక్తులు ఉన్నారు. వారిని బంధించింది టైటాన్లు. ఆ బంధనంలో సార్గెరస్ పాత్ర లేదు. వాళ్లు గుసగుసలతో పని చేస్తారు, సైన్యంతో కాదు. వినడానికి చెవి కావాలి. వెయ్యేళ్ల దర్బారులో ఎదురన్నది ఎరగని అజ్షారా కంటే మంచి చెవి దొరకదు. సార్గెరస్ దేనికి భయపడ్డాడో అదే, అతడు లేని లోకంలో, అడ్డు లేకుండా నెమ్మదిగా జరగవచ్చు. నేనైతే కథను అక్కడి నుంచి మొదలుపెడతాను.

ప్రశ్న: నేను కడపలో పదవీ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయుడిని. మా మనవడు ఇటువంటి ఊహలే చేస్తుంటాడు. హిరణ్యకశిపుడు లేకపోతే ప్రహ్లాదుడెక్కడ, అహోబిలమెక్కడ అని నేను అడిగితే, "అదే కదా తాతా ప్రశ్న!" అంటున్నాడు. మన కథలకు ఈ పద్ధతి నప్పుతుందా?
— ఒక పాఠకుడు, కడప

జవాబు: మాస్టారూ, మీ మనవడు సూటిగానే అడిగాడు. అయితే మన కథ ఆ ప్రశ్నకు ముందే తలుపు వేసి ఉంచింది. హిరణ్యకశిపుడు పుట్టకముందు వైకుంఠ ద్వారపాలకుడు. సనకాదుల శాపానికి గురైనప్పుడు, త్వరగా స్వామి సన్నిధికి చేరుకోవచ్చునని జయవిజయులు మూడు జన్మల వైరాన్నే కోరుకున్నారని మీకు నేను చెప్పనక్కరలేదు. అక్కడ ప్రతినాయకుడిని తొలగించడమంటే ఒక ద్వారపాలకుడికి ఇంటిదారి మూసివేయడమే. సార్గెరస్‌కు అటువంటి గడువు లేదు. అతడూ ఒకప్పుడు కావలివాడే, కానీ తిరిగి వెళ్లే చోటు అతడికి కొలువు కాదు, చెరసాల; అక్కడ అతడికి కాపలాగా ఇల్లిడాన్ అనే రాత్రి ఎల్ఫు మిగిలిపోయాడు. కనుక 'అతడు లేకపోతే' అన్న ప్రశ్నకు అజెరోత్‌లో ఉన్నంత చోటు అహోబిలంలో లేదు. మనవడిని మాత్రం ఆపకండి. ఉగ్రస్తంభం దాకా ఎక్కించి, అక్కడ ఇదే ప్రశ్న మళ్లీ అడగమనండి.

ప్రశ్న: అనంతపురంలో మేము కొందరం బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ నడిపే కథల ఆట ఆడుతుంటాము. కథ నడిపే బాధ్యత నాది. సార్గెరస్ లేని అజెరోత్‌లో, అప్పుడే మొదలుపెట్టిన ఆటగాళ్లకు ఏ పని అప్పగించాలో తోచడం లేదు.
— ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: చిన్న పనులకు సార్గెరస్‌తో సంబంధం లేదనుకుంటాం కానీ, చాలావాటికి ఉంది. వెస్ట్‌ఫాల్ పొలాలను దోచుకునే డిఫయాస్ దొంగల ముఠానే చూడండి. ఆట తొలి రూపంలో, గనిలోంచి దిగి, గాబ్లిన్ల కొలిమి దాటి, గుహలో దాచిన ఓడ ఎక్కితే అక్కడ ముఠా నాయకుడు వాన్‌క్లీఫ్ ఉంటాడు. అతడు చచ్చాక దగ్గర ఒక పంపని ఉత్తరం దొరుకుతుంది. అది స్టార్మ్‌విండ్ నగర వాస్తుశిల్పి బారోస్ పేర రాసినది. ఓర్క్‌లు కాల్చిన నగరాన్ని తిరిగి కట్టిన తాపీవాళ్లకు ప్రభువులు కూలి ఎగ్గొట్టారు. ఆ తాపీవాళ్ల పెద్దే వాన్‌క్లీఫ్. నగరం కాలకపోతే కట్టడం లేదు, బాకీ లేదు, ముఠా లేదు, ఆ ఉత్తరమూ లేదు. కూలి ఎగ్గొట్టే ప్రభువులు మాత్రం ఉంటారు. వారికి వేరే సాకు మీరే కల్పించండి.

గనుల్లో కొవ్వొత్తులు నెత్తిన పెట్టుకుని తిరిగే కోబోల్డ్‌లను, ఎల్విన్ అడవిలో కొత్తవాళ్లను చావగొట్టే హాగర్ అనే మృగమానవుడిని నిశ్చింతగా అలాగే ఉంచేయండి. వాళ్లకు ఎవరు టైటానో, ఎవరు రాక్షసుడో అక్కరలేదు.

మొదటి పనిగా నేను సూచించేది ఇది. సముద్రం అడ్డులేని ఆ ఒకే నేల మీద, ఒక మనుషుల పల్లెకు అజ్షారా సామ్రాజ్యపు సర్వేయర్లు గొలుసులు పట్టుకుని వస్తారు. పొలం కొలిచి, గట్ల మీద వెన్నెల గుర్తున్న రాళ్లు పాతి, ఏమీ అనకుండా వెళ్లిపోతారు. మర్నాటికి రాళ్లలో ఒకటి మాయమవుతుంది. పల్లెపెద్ద మీ ఆటగాళ్లను పిలిచి, సర్వేయర్లు తిరిగి వచ్చేలోగా ఆ రాయి వెతికి తెమ్మంటాడు. రాయిని తీసిందెవరో ఇప్పుడే నిర్ణయించుకోకండి. మీ ఆటగాళ్లు మొదట ఎవరిని అనుమానిస్తారో చూసి, ఆ మనిషిని నిర్దోషిగా ఉంచండి.