హస్కీ ధర ముప్పై వేలే, మే నెల కరెంటు బిల్లు సంగతేంటి?

ప్రశ్న: నాకు 31 ఏళ్ళు. కడపలో ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ చూస్తాను. ఎర్రముక్కపల్లిలో ఒక ఇంటి పై అంతస్తులో ఒక్కదాన్నే అద్దెకుంటున్నాను. జీతం చేతికి 42,000 వస్తుంది. అద్దె 8,500, జమ్మలమడుగులో ఉన్న అమ్మానాన్నలకు 10,000, స్కూటీ ఈఎంఐ 3,400 (ఇంకా ఐదు నెలలు కట్టాలి), చీటీ 5,000 (లక్ష రూపాయల చీటీ, ఎనిమిది నెలలు మిగిలింది, ఇంకా ఎత్తలేదు), తిండి, పెట్రోలు, కరెంటు, ఫోను అన్నీ కలిపి 9,000. బ్యాంకులో 38,000 ఉంది. పొద్దున తొమ్మిదికి బయల్దేరితే తిరిగొచ్చేసరికి రాత్రి ఏడవుతుంది. నెలకు రెండుసార్లు శని, ఆదివారాలు ఊరికి పోతాను. తాళం తీసి ఖాళీ ఇంట్లోకి అడుగు పెట్టాలంటే దిగులుగా ఉంటోంది, అందుకే కుక్కను పెంచుకోవాలనుకుంటున్నాను. హస్కీ పిల్లను 30,000కు ఇస్తామన్నారు. ఆరు నెలల నో కాస్ట్ ఈఎంఐ కూడా ఉందట. అమ్మేమో పెళ్ళి చేసుకో, కుక్కెందుకు అంటోంది. కొనొచ్చా? కుక్క కాకపోతే నా జీతానికి, నా బతుక్కి ఏది సరిపోతుంది?

జవాబు: హస్కీ వద్దు. పిల్లిని తెచ్చుకోండి, అదీ ఇప్పుడు కాదు, స్కూటీ ఈఎంఐ అయిపోయాక. పెళ్ళి వేరే పద్దు, దాన్ని ఈ లెక్కలో కలపడం లేదు.

మీరు రాసిన ఖర్చులన్నీ కూడితే 35,900. నెలకు మిగిలేది 6,100. ఆ 30,000 ధర ఎలా కట్టాలా అన్నదే మీ దిగులు. దాన్నైతే కిందా మీదా పడి కట్టేయొచ్చు. కానీ ఏనుగును కొన్నాక అంకుశానికి వెనకాడితే కుదరదు. పెంపుడు జంతువు ఖర్చును తేల్చేవి మూడు: రోజుకు ఎన్ని గంటలు అది ఇంట్లో ఒంటరిగా ఉంటుంది, మీరు ఊరికి పోతే ఎవరు చూస్తారు, మన ఎండలకు అది తట్టుకుంటుందా. మీ ఉత్తరంలో ఈ మూడింటికీ జవాబులున్నాయి, మూడూ హస్కీకి ఎదురే.

ఎండ సంగతి ముందు. సైబీరియా చలిలో బండి లాగడానికి పెంచిన జాతి హస్కీ. ఒంటి మీద రెండు పొరల బొచ్చు. వేసవిలో గొరిగిస్తే సరిపోతుందనుకుంటారు, కానీ ఆ బొచ్చు ఎండ నుంచి కూడా కాపాడుతుంది కాబట్టి గొరిగించకూడదు. కుక్కలకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పడమే వాటికి దారి. కడపలో మే నెలలో 40 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు. మీది పై అంతస్తు, నెత్తిన స్లాబు. తలుపులు మూసి తాళం వేసిన ఇంట్లో మధ్యాహ్నం రెండింటికి ఎలా ఉంటుందో ఒక ఆదివారం ఫ్యాను ఒక్కటే వేసుకుని కూర్చుని చూడండి. హస్కీని అక్కడ ఉంచాలంటే మీరు ఆఫీసులో ఉన్నంతసేపూ ఏసీ నడవాల్సిందే.

అదెంతవుతుంది? టన్నున్నర ఏసీ గంటకు యూనిట్ పైచిలుకు కాలుస్తుంది. తొమ్మిది గంటలకు పదకొండు యూనిట్లనుకుంటే నెలకు 330. మీరు ఇప్పుడు వేసవిలో 150 యూనిట్లు వాడుతున్నారనుకుందాం. రెండూ కలిపి 480. మనకు కరెంటిచ్చే ఎస్పీడీసీఎల్ గృహ టారిఫ్‌లో వాడకం పెరిగేకొద్దీ పై యూనిట్లకు రేటు పెరుగుతుంది: 226 నుంచి 400 వరకు యూనిట్‌కు 8.75, 400 దాటితే 9.75. స్లాబుల వారీగా వేస్తే 150 యూనిట్లకు ఎనర్జీ చార్జీ సుమారు 570, 480 యూనిట్లకు సుమారు 3,330. తేడా 2,700 పైనే, సర్‌చార్జీలు వేరే. ఏప్రిల్, మే, జూన్ మూడు నెలలకు 8,000 దాటిపోతుంది. ఏసీ మిషను ఖరీదు ఇందులో లేదు. కుక్కను అమ్మేవాళ్ళు ఈ లెక్క చెప్పరు, మీరు అడగరు.

రెండోది శని, ఆదివారాలు. నెలకు రెండు వారాంతాలు, ఒక్కోసారి రెండు రోజులు, మొత్తం నాలుగు రోజులు కుక్కను ఎక్కడైనా దిగబెట్టాలి. రోజుకు 500 అనుకున్నా నెలకు 2,000. అసలు కడపలో అలా ఉంచుకునేవాళ్ళు దొరికితే అన్న మాట, ముందు దాన్ని వెతకండి. జమ్మలమడుగుకు వెంట తీసుకుపోవచ్చు కదా అంటే, స్కూటీ మీద కుదరదు, కారు మాట్లాడుకుంటే రానూ పోనూ ఆ డబ్బంతా దానికే అవుతుంది. పండగలకు, పెళ్ళిళ్ళకు వేరే. రేపు ఇంకో ఊళ్ళో ఉద్యోగం వచ్చిందనుకోండి. రైల్లో కుక్కను మన పక్కన కూర్చోబెట్టుకోవాలంటే ఫస్ట్ ఏసీలో కూపే గానీ క్యాబిన్ గానీ మొత్తం మీకే బుక్ కావాలి, లేదంటే బ్రేక్ వ్యానులోని బోనులో వేస్తారు.

తిండి, మందులు కూడా వేద్దాం. ఇవి నేను అనుకున్న ధరలు, మీ దగ్గర దుకాణంలో అడిగి మార్చుకోండి. ఆ సైజు కుక్కకు రోజుకు 300 గ్రాముల ఎండు దాణా, నెలకు 9 కిలోలు, కిలో 300 వేస్తే 2,700. ఏటా రేబిస్ టీకా, మిగతా టీకాలు, నట్టల మందు, గోమార్ల మందు సగటున నెలకు 600. మన ప్రాంతంలో గోమార్లను తేలిగ్గా తీసుకోవద్దు. వాటివల్ల వచ్చే జ్వరానికి రక్తపరీక్షలు, వారాల తరబడి మందులు. పిల్లగా ఉన్నప్పుడు టీకా తప్పితే పార్వో అనే వైరస్ జబ్బు పట్టుకోవచ్చు, దానికి రోజుల తరబడి సెలైన్లు. ఏసీ ఖర్చును పన్నెండు నెలలకు పరిస్తే 675. వారాంతాలు కలిపి మొత్తం సుమారు 6,000. మీకు మిగిలేదే 6,100. దాని మీద ఈఎంఐ 5,000 పడితే మొదటి నెల నుంచే అప్పు. పన్నెండేళ్ళు బతికే కుక్కకు నెలకు ఆరు వేలంటే ఎనిమిది లక్షల అరవై వేలు. ధరల పెరుగుదల లేకుండానే.

నో కాస్ట్ ఈఎంఐ అన్నారు. వడ్డీని తగ్గింపు రూపంలో వెనక్కిస్తున్నట్టు చూపిస్తారు, కానీ బ్యాంకు ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, పైన ప్రాసెసింగ్ ఫీజు తీసుకుంటుంది. అది చిన్నదే. ఒక్క నెల కార్డు బిల్లు పూర్తిగా కట్టలేకపోతే మాత్రం నెలకు మూడు శాతం పైన పడే వడ్డీ పెద్దది. ప్రాణమున్నదాన్ని ఈఎంఐలో కొనొద్దు. మొదటి వారంలోనే జబ్బు పడితే ఒక చేత్తో ధర, ఇంకో చేత్తో వైద్యం కట్టాల్సి వస్తుంది.

అయితే నాటు కుక్క పెంచుకోనా అంటారేమో. ఎండ విషయంలో మన ఊరకుక్కకు మించింది లేదు. పొట్టి బొచ్చు, ఇక్కడి నేలలో పుట్టిన ఒళ్ళు. ధర లేదు, తిండి సగం. గుడ్డు, అన్నం, కాస్త మాంసం కలిపినా బాగా పెరుగుతుంది. కానీ పది గంటలు తాళం వేసిన ఇంట్లో ఏ కుక్కైనా ఏడుస్తుంది, కొరుకుతుంది, అరుస్తుంది. కింద వాటాలో ఉన్నవాళ్ళు రెండో వారమే ఓనరు దగ్గరికి పోతారు. పిల్లగా ఉన్నప్పుడైతే రోజుకు మూడు నాలుగుసార్లు తినిపించాలి, అన్నిసార్లూ బయటికి తిప్పాలి. రేపు మీ అమ్మానాన్నలు మీ దగ్గరికి వచ్చి ఉంటారంటే అప్పుడు నాటు కుక్కకే నా ఓటు. అప్పటిదాకా కాదు.

ఇక పిల్లి. ఎదిగిన పిల్లి రోజులో సగానికి పైగా నిద్రపోతుంది, అదీ ఎక్కువగా పగలే. మీరు ఏడింటికి వచ్చేసరికి లేచి ఉంటుంది. మీకు కావలసిందీ అదే కదా. ఒక రాత్రి మీరు లేకపోయినా నీళ్ళు, తిండి పెట్టి ఉంటే గడిచిపోతుంది, మర్నాడు పక్కింటావిడ ఒకసారి తలుపు తీసి చూస్తే చాలు. ఇంటి పిల్లుల పూర్వీకులు ఎడారి ప్రాంతాల అడవి పిల్లులు, మన ఎండకు ఫ్యానో, కూలరో ఉంటే సరిపెట్టుకుంటుంది. గాలి ఆడేలా కిటికీ తెరిచి దానికి మెష్ వేయించండి. బాల్కనీకి వల తప్పదు, పై అంతస్తు నుంచి పిల్లి పడితే ఏమీ కాదన్నది ఒట్టి మాట.

నాటు పిల్లినే తెచ్చుకోండి. పర్షియన్ అందంగా ఉంటుంది, నిజమే. ఆ పొడుగు బొచ్చుకు రోజూ దువ్వెన, ఆ అణిగిన ముక్కుకు వేసవిలో ఊపిరి ఇబ్బంది, మళ్ళీ ఏసీ దగ్గరికే వస్తాం. ఏడాది వయసు దాటిన పిల్లి అయితే దాని స్వభావం తెలిసిపోయి ఉంటుంది. పిల్ల అయితే మీరు ఇంట్లో లేని పది గంటలు దాని అల్లరికి పరుపులు, కర్టెన్లు బలి.

ఖర్చు? దాణా నెలకు రెండు కిలోల లోపు, 700. మట్టి, అదే లిట్టర్, 600. టీకాలు, నట్టల మందు సగటున 300. పక్కింటావిడ పిల్లలకు చాక్లెట్లు, ఇతరత్రా 200. మొత్తం 1,800. మొదట ఒకసారి పెట్టే ఖర్చు వేరే: గర్భసంచి ఆపరేషను, టీకాలు, బుట్ట, లిట్టర్ ట్రే, వల కలిపి 8,000 పక్కన పెట్టండి. ఆపరేషను ఖర్చని వదిలేయకండి, వదిలేస్తే ఏడాదిలో మీ ఇంట్లో ఒకటి కాదు ఐదు పిల్లులుంటాయి. పెరుగన్నంతో పిల్లిని పెంచేస్తామనుకునే ఇళ్ళు మన దగ్గర చాలా ఉన్నాయి. పిల్లి మాంసాహారి, దానికి కావలసిన టారిన్ అనే పదార్థం పెరుగన్నంలో దొరకదు. మీ ఇంట్లో మాంసం వండరంటే దాణా ఖర్చు తప్పదు. ఇంకొకటి, జ్వరమొచ్చిందని అర పారాసిటమాల్ మాత్ర వేయకండి, అది పిల్లి ప్రాణం తీస్తుంది.

పక్షులు, చేపలు క్లుప్తంగా. లవ్‌బర్డ్స్ పేరుతో మన దుకాణాల్లో అమ్మే బడ్జీలు జంటగా ఉండాలి, ఖర్చు తక్కువ, అయితే ఒళ్ళో కూర్చోవు. రామచిలుక మాత్రం వద్దు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని పంజరంలో పెట్టడం నేరం. అదృష్టమని చెప్పి అమ్మజూపే నక్షత్ర తాబేలూ అంతే. చేపల్లో బెట్టా ఒంటరిది, ఇంకో మగ బెట్టాను పెడితే పోట్లాడుకుంటాయి. నీటిపైకి వచ్చి గాలి పీల్చుకుంటుంది కాబట్టి కరెంటు పోయి పంపు ఆగినా చావదు. కుళాయి నీళ్ళు ఒక రోజు నిలవబెట్టి పోయండి. రెండు మూడేళ్ళ బాధ్యత. పిల్లి పదిహేనేళ్ళది, అంటే మీకు 46 వచ్చేదాకా. అది ఇప్పుడే మొయ్యలేను అనిపిస్తే బెట్టాతో మొదలుపెట్టడంలో చిన్నతనం ఏమీ లేదు.

ఇప్పుడు డబ్బు సర్దుబాటు. చీటీ పక్కన పెడితే మీ తప్పని ఖర్చు నెలకు 30,900. ఉద్యోగం పోతే మూడు నెలలకు 93,000 చేతిలో ఉండాలి, మీ దగ్గర 38,000 ఉంది. వచ్చే ఐదు నెలలు మిగులులోంచి 4,000 అత్యవసర నిధికి, 1,800 వేరే సేవింగ్స్ ఖాతాకు వేయండి. ఈ 1,800 రాబోయే పిల్లి జీతం. అది లేకుండానే ఐదు నెలలు కడితే, ఆ డబ్బు లేకుండా మీరు బతకగలరో లేదో తెలిసిపోతుంది. రెండు నెలలు ఎగ్గొట్టారంటే పిల్లి ఆలోచన మానుకోండి. ఐదు నెలలకు అందులో 9,000 అవుతుంది, మొదటి ఖర్చుకు సరిపోయింది. స్కూటీ ఈఎంఐ అయిపోతుంది, నెలకు 3,400 ఊపిరి ఆడుతుంది. అప్పుడు తెచ్చుకోండి.

చీటీ మాత్రం దీనికోసం ముందే పాడి ఎత్తుకోవద్దు. ఇన్నాళ్ళు ఆగి ఇప్పుడు తగ్గించుకుని పాడితే చేతికొచ్చేది ఎంత పోతుందో మీరే అకౌంట్స్ మనిషి, మీకు చెప్పాలా. చివరిదాకా ఉంచితే కమీషను పోను వచ్చిన దాంతో అత్యవసర నిధి నింపండి, ఓ 15,000 పిల్లి వైద్యానికి ఎఫ్‌డీలో వేయండి. మిగిలిందాంట్లో మీకు సొంతంగా ఆరోగ్య బీమా ఒకటి, సంస్థ ఇచ్చేది ఉద్యోగంతోనే పోతుంది. పోస్టాఫీసు ఆర్‌డీలో వేద్దామనుకోకండి, అది ఐదేళ్ళది, మూడేళ్ళ లోపు మూయనివ్వరు. పిల్లికి జబ్బు చేసేది మూడేళ్ళు ఆగి కాదు.

పెంపుడు జంతువుల బీమా కొన్ని కంపెనీలు ఇస్తున్నాయి. వయసు పరిమితులుంటాయి, టీకా వేయించక వచ్చిన జబ్బులకు ఇవ్వరు. నాటు పిల్లికి నేనైతే ప్రీమియం కట్టను, ఆ డబ్బు పై ఎఫ్‌డీకే. ఈ ఖర్చుల్లో దేనికీ పన్ను మినహాయింపు లేదు, ఆరోగ్య బీమాకిచ్చే మినహాయింపు మనుషులకే. వైద్యానికి ముందు ప్రభుత్వ పశువుల ఆసుపత్రికి పోండి. ఏటా జులై 6న జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల దినం) సందర్భంగా అక్కడ రేబిస్ టీకాలు ఉచితంగా వేస్తారు. పెద్ద జబ్బయితే ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది, కడప నుంచి సుమారు యాభై కిలోమీటర్లు. పిల్లి గీరినా, కరిచినా పదిహేను నిమిషాలు సబ్బుతో కడిగి ప్రభుత్వ ఆసుపత్రికి పోండి, మనకు వేసే టీకా అక్కడ ఉచితం.

పిల్లిని తెచ్చుకునే ముందు రెండు కాగితాలు. అద్దె అగ్రిమెంటు పదకొండు నెలలకోసారి తిరగరాస్తారు కదా, ఈసారి అందులో పిల్లికి అభ్యంతరం లేదని ఒక వాక్యం రాయించండి. ఓనరు నోటిమాటను నమ్మి తెచ్చుకుంటే, ఇల్లు మారాల్సి వచ్చినప్పుడు పోయేది అడ్వాన్సు, దొరకనిది ఇంకో ఇల్లు. రెండో కాగితం మీరే రాసుకోండి: మీరు పది రోజులు ఆసుపత్రిలో పడితే పిల్లిని ఎవరు చూస్తారు, వాళ్ళ ఫోను నంబరు, తాళంచెవి ఎక్కడుంది, ఏ ఖాతాలోంచి డబ్బు తీయాలి. ఆ పేరు రాయడానికి ఎవరూ తట్టకపోతే ముందు ఆ మనిషిని వెతకండి, పిల్లి తర్వాత.