వెస్ట్ టెక్సాస్ డీర్ లీజులో చేరొచ్చా?

మీ ప్రశ్న ఇది: డాలస్‌లో హెచ్‌ఒన్‌బి మీద ఉన్నారు, ఆఫీసులో ఒకాయన వెస్ట్ టెక్సాస్‌లో శాండర్సన్ దగ్గర డీర్ లీజులో, అంటే జింకల వేటకి గుంపుగా అద్దెకి తీసుకున్న రాంచ్‌లో, ఒక గన్ (ఒక వేటగాడి చోటు) ఖాళీ ఉంది, ఏడాదికి మూడున్నర వేల డాలర్లు, చేరతావా అంటున్నాడు. చేరొచ్చా, మాంసం ఇంట్లో వండుకోవచ్చా, మనవాళ్ళెవరైనా వెళ్ళారా అని అడిగారు.

నేను వెళ్తాను. శాండర్సన్‌కి దక్షిణంగా ఒక రాంచ్‌లో కొన్నేళ్ళుగా మా గుంపుకి లీజు ఉంది. అందులో తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే.

మాంసం కోసమైతే చేరకండి. ఆ డబ్బుతో హలాల్ షాపులో మీ ఇంటిల్లిపాదికీ చాలాకాలం మేకమాంసం వస్తుంది, ఏడెనిమిది గంటలు కారు తోలే పనీ ఉండదు. రాళ్ళలో నడవడం, ఒక్కచోట కూర్చుని గంటలకొద్దీ బైనాక్యులర్స్‌లో కొండ చూడటం మీ ఒంటికి పడితే మాత్రం ముందుకెళ్ళండి. చాలామందికి పడదు. మా లీజులోనే ఒకాయన ఒక్క సీజన్ చూసి, రెండో ఏడాది డబ్బు కట్టమనేసరికి ఫోన్ ఎత్తడం మానేశాడు.

ముందు మీ వీసా సంగతి తేల్చుకోండి. హెచ్‌ఒన్‌బి లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్ళ దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండకూడదని ఫెడరల్ చట్టం. దానికి మినహాయింపులు కొన్నే. అందులో మనకి పనికొచ్చేది, గడువులో ఉన్న హంటింగ్ లైసెన్స్. టెక్సాస్ లైసెన్స్ మీరు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది. సెప్టెంబరు 1 పొద్దున కొత్తది లేకపోతే మీ బీరువాలో ఉన్న రైఫిల్‌తో మీరు ఫెడరల్ నేరంలో ఉన్నట్టే లెక్క. ఇక్కడివాళ్ళు సీజన్ దగ్గరపడ్డాక లైసెన్స్ కొంటారు, వాళ్ళకేం కాదు. మీరు ఆగస్టులోనే కొత్తది అమ్మకానికి పెట్టగానే కొనండి. గ్రీన్‌కార్డు వచ్చినవాళ్ళకి ఈ తలనొప్పి లేదు. దేనికైనా మీ ఇమిగ్రేషన్ లాయర్‌ని ఒక్క మాట అడగండి, నేను లాయర్ని కాను.

టెక్సాస్‌లో ఆర్నెల్లుగా నివాసం ఉంటే రెసిడెంట్ లైసెన్స్ 25 డాలర్లు, బయటి రాష్ట్రాలవాళ్ళకి 315. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి, పదిహేడేళ్ళు నిండినవాళ్ళు ఆన్‌లైన్‌లోనే పూర్తిచేయొచ్చు. అటువైపు రోడ్ల మీద సరిహద్దు పోలీసుల (బోర్డర్ పట్రోల్) చెక్‌పాయింట్లు ఉంటాయి. పాస్‌పోర్టు, ఐ-94 (దేశంలోకి వచ్చినప్పటి రికార్డు), లైసెన్స్ అన్నీ కార్లో ఉండాలి. జీపులో రైఫిల్, ముందు సీట్లో మన ముఖం చూసి రెండు ప్రశ్నలు ఎక్కువే అడుగుతారు. మర్యాదగా జవాబు చెప్తే పంపించేస్తారు.

ఇక లీజు అంటే ఏమిటో. టెక్సాస్‌లో తొంభై శాతానికి పైగా భూమి ప్రైవేటుది. జింకలు మాత్రం చట్టప్రకారం రాష్ట్ర ప్రజల ఆస్తి. రాంచర్ మీ దగ్గర డబ్బు తీసుకుని ఇచ్చేది గేటు తాళం నంబరూ, లోపల తిరిగే హక్కూ. సీజనంతా కాళ్ళరిగినా జింక కనపడకపోతే ఆయనకి సంబంధం లేదు, అడిగితే నవ్వుతాడు కూడా. అందుకే ఎన్ని జింకలున్నాయని మీ ఆఫీసాయన్ని అడక్కండి. కాగితం చూపించమనండి. ఎన్ని ఎకరాలకి ఎన్ని గన్‌లు, ఒక్కొక్కరు ఎన్ని మగజింకలు కొట్టొచ్చు, భార్యాపిల్లల్ని తీసుకెళ్ళొచ్చా, జింకలకి వేసే మొక్కజొన్న ఖర్చు, రోడ్డు బాగుచేసే ఖర్చు ఎవరివి, మధ్యలో రాంచ్ అమ్మేస్తే డబ్బు వెనక్కి వస్తుందా. వేటకి భూమి లీజుకిచ్చే రాంచర్‌కి రాష్ట్రం ఇచ్చే హంటింగ్ లీజ్ లైసెన్స్ ఉండాలి, అది ఉందో లేదో అడగండి. కాలు విరిగినా పాము కరిచినా రాంచర్ బాధ్యత లేదని సంతకం పెట్టించుకుంటారు, అది మామూలే.

అన్నిటికంటే ముఖ్యం, అక్టోబరులో ఫీడర్లు (జింకలకి మొక్కజొన్న వేసే డబ్బాలు) నింపడానికి వాళ్ళు వెళ్ళేటప్పుడు మీరూ వెళ్ళండి. డబ్బు కట్టకముందే. భూమీ కనపడుతుంది, మనుషులూ కనపడతారు. ఖాళీ బీరు డబ్బాలు గుట్టలో పారేసేవాళ్ళు, తాము తెరిచిన గేటు మూయకుండా పోయేవాళ్ళు ఉన్న గుంపైతే ఆ లీజు ఎక్కువకాలం నిలవదు. గేటు తెరిచి ఉంటే తెరిచే ఉంచాలి, మూసి ఉంటే మూయాలి. నీళ్ళతొట్టి దగ్గరకి గొర్రెల్ని రానివ్వడానికి రాంచరే తెరిచి ఉంచుతాడు. మనం మంచికని మూసేస్తే అవి దాహంతో చస్తాయి.

నేను అనంతపురం జిల్లావాణ్ణి. ఎండ, రాయి, కంపచెట్టు నాకు కొత్త కాదనుకునే వెళ్ళాను. అక్కడి మెస్కీట్ మన కంపచెట్టుకి దగ్గర చుట్టమే, మనకి ఆ జాతి అమెరికా వైపు నుంచే వచ్చింది. కానీ లెచుగియా అని ఒకటుంది, మన కిత్తనార జాతే, మోకాలెత్తు కూడా ఉండదు. ఆకులన్నీ నిటారుగా పైకి, ప్రతి ఆకు చివరా సూది. ప్యాంటునీ పిక్కనీ ఒకేసారి దాటి దిగుతుంది. టైరు పక్కగోడలోకి కూడా దిగుతుంది. పక్కగోడకి పంక్చర్ వేయడం కుదరదు కాబట్టి స్పేర్ టైర్లు రెండు ఉండాలి. మా రాంచ్‌లో ఫోన్ సిగ్నల్ లేదు. శాటిలైట్ మెసెంజర్ లేకుండా ఒంటరిగా లోయలోకి దిగనని మీ ఆవిడకి మాటివ్వండి. డిసెంబరులో తెల్లవారుజామున బాటిల్లో నీళ్ళు గడ్డకడతాయి, మధ్యాహ్నం చొక్కా మీద ఉండొచ్చు. చలికి పాములు బొరియల్లో ఉంటాయంటారు గానీ మధ్యాహ్నం ఎండ కాస్తే రాటిల్ స్నేక్ బయటికొచ్చి బండ మీద పడుకుంటుంది. చెయ్యి ఆనించే ముందు చూసుకోండి.

అక్కడ రెండు రకాల జింకలు. మ్యూల్ డీర్‌కి కంచరగాడిద చెవులంత చెవులు, తోక కొస నలుపు, కొమ్ము రెండుగా చీలి ఒక్కోటీ మళ్ళీ రెండవుతుంది. వైట్‌టెయిల్ కొమ్ములో ఒకే కాడ ముందుకి వంగి, దాని మీద నుంచి కొనలు పైకి లేస్తాయి, పరిగెత్తితే తెల్లతోక జెండాలా ఎత్తుతుంది. ఇది పిల్లల బొమ్మల పుస్తకం వ్యవహారం కాదు. వైట్‌టెయిల్ సీజన్ నవంబరు మొదటి శనివారం మొదలై జనవరి దాకా ఉంటుంది. పీకోస్ నదికి పడమర, అంటే శాండర్సన్ వైపు, మ్యూల్ డీర్ సీజన్ థాంక్స్‌గివింగ్ మర్నాడు మొదలై డిసెంబరు మధ్యలో అయిపోతుంది, మగజింక ఒక్కటే. తేదీలు ప్రతి ఏడాదీ రాష్ట్ర వన్యప్రాణి శాఖ, అదే పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ళ సైట్‌లో చూసుకోవాలి. చెవులు చూడకుండా ట్రిగ్గర్ నొక్కితే వేట చట్టాలు చూసే అధికారి గేమ్ వార్డెన్‌కి జవాబు చెప్పుకోవాలి.

ఫీడర్ దగ్గర జింకకి కనపడకుండా దాక్కునే డబ్బా లాంటి బ్లైండ్‌లో కూర్చుని మొక్కజొన్నకి వచ్చినదాన్ని కొట్టడం టెక్సాస్‌లో చట్టబద్ధమే. నాకు అది వేటలా అనిపించదు, మా లీజులో సగంమంది నాతో ఒప్పుకోరు. గుట్టల్లోని మ్యూల్ డీర్‌కి ఎదురు కూర్చోవడం కంటే వెతుక్కుంటూ పోవడమే మేలు. మా గుంపులో రిటైరైన పోస్ట్‌మ్యాన్ ఒకాయన ఉన్నాడు, డెబ్భై దాటాయి. నాకు నేర్పింది ఆయనే. "జింకని వెతక్కు. ఈ ఎడారిలో ఒకోటీయో ముళ్ళపొద, సోటోల్ మొక్క కాడ, అన్నీ నిలువుగానే ఉంటాయి. అడ్డంగా గీత కనపడితే అక్కడ ఆగి చూడు" అనేవాడు. ఒక పొద్దున అవతలి గట్టు మీద సోటోల్ పొద నీడలో నాకు ఆ గీత కూడా కనపడలేదు. బూడిదరంగు ఆకు ఒకటి గాలి లేకుండానే కదిలింది. అది చెవి. పావుగంట చూస్తే గానీ ముట్టె, తర్వాత కొమ్ము, విడివిడిగా తేలలేదు. రేంజ్‌ఫైండర్‌లో మూడు వందల గజాల పైనే. ఎండ ఎక్కేకొద్దీ లోయలో గాలి పైకి లేస్తుంది కాబట్టి కింద నుంచి పోతే మన వాసన తిన్నగా దాని ముక్కులోకే. చుట్టూ తిరిగి పై అంచుకి చేరడానికి గంట పట్టింది. రాయి ఒకటి జారింది. జింక లేచి, నాలుగు కాళ్ళూ ఒక్కసారే నేలకి కొట్టి బంతిలా ఎగురుతూ పోయి, గట్టు మీద ఆగి వెనక్కి తిరిగి చూసింది. మ్యూల్ డీర్‌కి ఆ అలవాటుంది, ఆయన ముందే చెప్పాడు. నేను అప్పటికే రైఫిల్ కింది రెండు కాళ్ళ బైపాడ్ దించుకుని పడుకుని ఉన్నాను.

అసలు పని తూటా పేలాక మొదలవుతుంది. లైసెన్స్‌తో వచ్చే ట్యాగ్ మీద నెల, తేదీ కోసి అక్కడికక్కడే కట్టాలి. పేగులు తీసేశాక కూడా దగ్గరదగ్గర అరవై కిలోలు, బండి అల్లంత దూరంలో ఉంటుంది. నాలుగు తొడలూ వెన్ను మాంసమూ విడదీసి రెండు విడతలు మోశాం, రెండో విడతకి చీకటి పడింది. కొమ్ములతో ఉన్న తల ఇంటికో, మాంసం కోసిచ్చే ప్రాసెసర్‌కో చేరేదాకా మాంసంతోనే ఉండాలి, మగదని రుజువు అదే. తినదగ్గ మాంసం వదిలేసి రావడం నేరం, అమ్మడమూ నేరం. స్నేహితులకి ఊరికే ఇవ్వొచ్చు.

వంటకి వచ్చేటప్పుడు ఒక్క జాగ్రత్త. క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అని జింకల మెదడుని తినేసే రోగం టెక్సాస్‌లో 2012లో బయటపడింది, అదీ ఎల్ పాసో దగ్గరి హ్యూకో కొండల మ్యూల్ డీర్‌లోనే. మనుషులకి అంటినట్టు రుజువు లేదు, కానీ పరీక్ష చేయించి ఫలితం వచ్చాకే తినమంటారు. తలకాయ కూర, మెదడు వేపుడు ఆశలు మాత్రం వదిలేసుకోండి. అదే భయంతో వెన్నెముకని కూడా రంపంతో కోయించకండి. మిగతా మాంసంలో కొవ్వు ఉండదు కాబట్టి మేకకి పోసే నూనెకి రెండింతలు పోయాలి. రాత్రే పెరుగు, పసుపు, అల్లంవెల్లుల్లి పట్టించి ఉంచి, తొడ ముక్కలకి కుక్కర్లో మేకకి పెట్టే కూతల కంటే రెండు ఎక్కువ పెట్టండి. వెన్ను మాంసాన్ని మాత్రం కుక్కర్లో వేయొద్దు, పెనం మీద మిరియాలతో రెండువైపులా కాల్చి దించేయండి, ఎక్కువసేపు ఉంచితే చెప్పుతోలే.