ఇంగ్లీషు పేజీ పెడుతున్నావని తెలిసి

విజయనగరం

అమ్మడూ,

ఇన్‌స్టాగ్రామ్‌లో ఇంగ్లీషు పేజీ మొదలుపెడుతున్నావని నిన్న రాత్రి మీ అమ్మ చెప్పింది. ఎచ్చెర్ల యూనివర్సిటీలో సీటొచ్చిన రోజు కంటే ఎక్కువ సంబరపడ్డాను. తర్వాత భయమేసి నిద్ర పట్టలేదు.

ఫోన్ నంబరు, హాస్టల్ గది నంబరు పెట్టకు. ‘డిస్కస్’ తర్వాత ‘అబౌట్’ వద్దు. ‘ఎ’, ‘ద’ లాంటి ఆర్టికల్స్ తెలుగులో లేవు కాబట్టి మనం అక్కడే జారిపోతాం, రెండోసారి చదివేటప్పుడు వాటినే వెతుకు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నా భయం వేరు. సంక్రాంతికి నువ్వు చూపించిన పోస్టులో ఒక్క వాక్యమైనా నీది కాదు. ఫోను అందించిన ముక్క ఒకటి, ఎవరో పెట్టిన క్యాప్షన్ ఇంకొకటి. అర్థమేటని అడిగితే ‘బావుంది కదా తాతయ్యా, అందరూ పెడుతున్నారు’ అన్నావు.

1978లో మా అమ్మకి కడుపు ఆపరేషనయింది. నేను డిగ్రీ చదువుతున్నాను. మీ పెదతాత ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఉండేవాడు. టెలిగ్రాం ఇచ్చే పని నాది. మాటకింత అని డబ్బులు కట్టాలి, క్లుప్తంగా రాయాలి, పైగా నా ఇంగ్లీషు అన్నయ్యకి చూపించాలి. ‘ఆపరేషన్ ఓవర్. మదర్ రెస్టింగ్ ఇన్ పీస్’ అని రాశాను. ఇంగ్లీషు పేపర్లో చూసి నోటుబుక్కులో ఎక్కించుకున్న మాట అది. నొప్పి లేకుండా పడుకుందని అనుకున్నాను. ఎవరైనా పోతే మీరిప్పుడు ఆర్.ఐ.పి. అని మూడక్షరాల్లో పెడతారే, అదే.

మర్నాడు తెల్లారకముందే అన్నయ్య వచ్చాడు. కళ్లు వాచిపోయి ఉన్నాయి. చంకలో మడత విప్పని కొత్త చీర, అమ్మని సాగనంపడానికి కొన్నది. అమ్మ మంచం మీద కూర్చుని జావ తాగుతోంది. ‘ఏట్రా, సెలవు దొరికిందా?’ అంది. వాడు ఆ మంచం కోడు పట్టుకుని నేలమీద కూలబడి ఏడ్చాడు. నన్ను పల్లెత్తు మాట అనలేదు. అదే నన్ను ఇన్నేళ్లూ తింటోంది.

నీకు తెలియని మాట ఎంత అందంగా ఉన్నా వాడకమ్మా. చిన్న వాక్యమైనా నీదే రాయి. మీ హాస్టల్ మెస్సు గురించో, పొద్దున్న బస్సు గురించో రోజూ పది లైన్లు ముందు నోటుబుక్కులో రాసుకో. గురజాడవారు ఇంగ్లీషులో డైరీలు రాసుకున్న ఊరు మనది. తప్పులు పోతే పోనీ, దిద్దుకోవచ్చు. కోప్పడ్డానని బెంగెట్టుకోకు తల్లీ.

మొదటిది పెట్టేముందు ఫోన్లో నాకు చదివి వినిపించు, ఎంత రాత్రయినా సరే. ఆదివారం వస్తే ఆ టెలిగ్రాం కాగితం చూపిస్తాను. అన్నయ్య పోయాక వాడి ట్రంకుపెట్టెలో దొరికింది.

మీ తాతయ్య