గర్భిణుల షుగర్ మీద రీసెర్చ్ చేయాలంటే ఎంబీబీఎస్ తప్పనిసరా?

ప్రశ్న: మాది గాజువాక. మా చిన్నమ్మాయి బైపీసీ తర్వాత ఒక ఏడాది నీట్ లాంగ్ టర్మ్ తీసుకుంది. ఈసారి కూడా సీటు వచ్చే ర్యాంకు కాదు. వాళ్లక్కకి కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చింది. అప్పటి నుంచి ఒక డాక్టర్ గారు ఈ జబ్బు మీద రాసిన పేపర్లు వెతుక్కుని చదువుతూ, నేనూ ఇలాంటి రీసెర్చే చేస్తానంటోంది. ఎంబీబీఎస్ లేకుండా అది కుదురుతుందా? మళ్లీ లాంగ్ టర్మ్‌లో చేర్పించమంటారా?

జవాబు: చేర్పించొద్దండి. మొదటిసారికీ రెండోసారికీ మార్కులు బాగా పెరిగి, సీటు కొద్దిలో తప్పిపోయి ఉంటే తప్ప, ఆ టెన్షన్‌లో పిల్లని ఇంకో ఏడాది కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు.

రీసెర్చ్ మాత్రం కుదురుతుంది. 2008లో హాపో అనే పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాయి. 9 దేశాల్లో దాదాపు 25 వేల మంది గర్భిణులకు 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రక్తం పరీక్షించారు. తల్లి షుగర్ పెరిగేకొద్దీ బిడ్డ మరీ బరువుగా పుట్టడం లాంటి ఇబ్బందులు కూడా క్రమంగా పెరుగుతూ పోయాయి. ఇంతవరకు భయం లేదు, ఇది దాటితేనే ప్రమాదం అని గీత గీసి చెప్పే అంకె ఏదీ కనబడలేదు. ఈ సంగతి డాక్టర్లు మాత్రమే తేల్చగలిగింది కాదు. రక్తం శాంపిళ్లు చూసిన ల్యాబ్ వాళ్లు, అంకెలు విశ్లేషించిన స్టాటిస్టిక్స్ వాళ్లు కూడా ఉండాల్సిందే. ఆ 9 దేశాల్లో మన దేశం లేదు. మన ఆడవాళ్ల గురించి తెలుసుకోవాల్సింది మనమే తెలుసుకోవాలి, అందుకే మీ అమ్మాయి ఆసక్తిని తేలిగ్గా తీసేయకండి.

ఆమెకి వి. శేషయ్య గారి గురించి చెప్పండి. చెన్నైలో రోగుల్ని చూస్తూనే పరిశోధన చేసిన డాక్టర్ ఆయన, 2022లో పద్మశ్రీ వచ్చింది. పరగడుపున రమ్మంటే గర్భిణులు మళ్లీ రారన్నది ఆయన పట్టించుకున్న సమస్య. పాడేరు వైపు నుంచి ఘాట్ రోడ్డులో బస్సెక్కి విశాఖలోని ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి, ఘోషాసుపత్రికి వచ్చే అమ్మాయిని ఊహించుకోండి. ఏమీ తినకుండా అంత దూరం ఎలా వస్తుంది? అందుకే తిని వచ్చినా సరే, 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించి, రెండు గంటల తర్వాత ఒక్కసారి రక్తం తీస్తే చాలన్నారు. 140 గానీ, ఆ పైన గానీ ఉంటే షుగర్ ఉన్నట్టే. కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల్లోకి వచ్చింది ఈ పద్ధతే. రోగి కష్టాన్ని దగ్గరగా చూసినవాళ్లకే ఇలాంటి ప్రశ్న తడుతుంది.

ఇక కోర్సులు. స్టాటిస్టిక్స్ డిగ్రీకి మామూలుగా ఇంటర్లో లెక్కలు అడుగుతారు కాబట్టి, మీ అమ్మాయికి దగ్గరి దారులు బయోకెమిస్ట్రీ, న్యూట్రిషన్. తల్లి రక్తంలోని గ్లూకోజ్ మావి (ప్లాసెంటా) దాటి బిడ్డకి వెళ్తుంది, తల్లి ఇన్సులిన్ వెళ్లదు. ఆ చక్కెరను వాడుకోవడానికి బిడ్డే ఎక్కువ ఇన్సులిన్ తయారుచేసుకుని ఒళ్లు చేస్తుంది. ఇది చదువుతూ ఇంకా లోతుకి వెళ్లాలనిపిస్తే బయోకెమిస్ట్రీ. అక్క ఏం తింటే షుగర్ అదుపులో ఉందన్నదే ఎక్కువ పట్టించుకుంటే న్యూట్రిషన్. డిగ్రీ అయ్యాక ఈ రెండింటికీ ఆంధ్రా యూనివర్సిటీలో పీజీ ఉంది, విశాఖ వదలక్కర్లేదు. ఆ తర్వాత సీఎస్ఐఆర్ (కేంద్ర శాస్త్ర పరిశోధన సంస్థ) లాంటి ఫెలోషిప్ పరీక్ష రాసి పీహెచ్‌డీ. ఫెలోషిప్ డబ్బులు వచ్చేది అప్పుడే, అందాకా ఐదేళ్లు ఖర్చు మీదే.

ఒక పరిమితి కూడా ముందే చెప్పాలి. ఈ దారిలో వెళ్లినవాళ్లు మందు రాయలేరు. గర్భిణుల మీద ఏ అధ్యయనం చేయాలన్నా ఆసుపత్రి ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి, గైనకాలజిస్టులతో కలిసి పనిచేయాలి. ఎదురుగా కూర్చుని వైద్యం చేయాలన్న కోరిక ఆమెకి ఉంటే ఈ దారి వెలితిగా అనిపిస్తుంది.

అది తెలుసుకోవడానికి, ఆ డాక్టర్ గారి పేపర్ ఒకటి మొదటి నుంచి చివరిదాకా చదవమనండి. ముగింపు చదివి ఆపేయకుండా, ఎవరిని ఎంచుకున్నారు, ఎలా కొలిచారు, పట్టికల్లో ఏముంది అన్నవి కూడా. ఆ భాగాల దగ్గర ఆమెకి ప్రశ్నలు పుడుతుంటే ఈ ఏడాదే డిగ్రీలో చేర్చండి. విసుగొచ్చి, అక్క లాంటి వాళ్లకి సేవ చేయాలన్నదే అసలు కోరిక అని తేలితే, బీఎస్సీ నర్సింగ్ నోటిఫికేషన్ కూడా చూడండి.