చార్జర్ మీది చిన్నక్షరాలు చదివారా?

ప్రశ్న: మా అబ్బాయి ఎమ్మెస్ చదవడానికి డల్లాస్ పోతున్నాడు సార్. అక్కడ కరెంటు 120 వోల్టులే అంట, ఫ్రీక్వెన్సీ కూడా వేరే అంట. ఇక్కడి ల్యాప్‌టాప్, ఫోను, ట్రిమ్మర్ చార్జర్లు అక్కడ పనిచేస్తాయా? షాపాయనేమో వోల్టేజీ మార్చే పెద్ద కన్వర్టర్ కొనాల్సిందే అంటున్నాడు.
– ఒక తల్లి, ప్రొద్దుటూరు

జవాబు: కొనకండమ్మా, ఆ బరువుకి ఇంకో రెండు పచ్చళ్ల డబ్బాలు పడతాయి. ముందు చార్జర్ తిప్పి చిన్నక్షరాలు చూడండి. ఇన్‌పుట్ అన్నచోట 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ (ఇదే ఫ్రీక్వెన్సీ, కరెంటు సెకనుకు ఎన్నిసార్లు అటూఇటూ ఊగుతుందో ఆ లెక్క) అని ఉంటే ఏ దేశంలోనైనా పెట్టుకోవచ్చు. ఇప్పటి ఫోను, ల్యాప్‌టాప్ చార్జర్లు దాదాపు అన్నీ అలాంటివే. గోడలోంచి వచ్చిన ఏసీ (అటూఇటూ ఊగే) కరెంటును ముందు డీసీ (ఒకే దిశలో పోయే కరెంటు) చేసేసుకుని, దాంట్లోంచి ఫోనుకు 5 వోల్టులో ల్యాప్‌టాప్‌కు 20 వోల్టులో తయారుచేసుకుంటాయి కాబట్టి, గోడలో 50 హెర్ట్జ్ ఉందా 60 ఉందా అన్నది వాటికి పట్టదు.

మారేది పిన్ను. మనవి గుండ్రటివి, అమెరికావి బల్లపరుపువి. అడాప్టర్ ఒకటి చాలు, కానీ అది వోల్టేజీ మార్చదు, పిన్ను ఆకారం మాత్రమే మారుస్తుంది. ల్యాప్‌టాప్‌కైతే అదీ అక్కర్లేదు, గోడకు పెట్టే వైరు ఊడొచ్చే రకమైతే అక్కడి వైరు ఒకటి కొనుక్కుంటే సరి.

ట్రిమ్మర్ మీద 220-240 వోల్టులు అని మాత్రమే ఉంటే ఇంట్లోనే పెట్టి పొమ్మనండి. అక్కడ పెడితే కాలిపోదు గానీ, సగం వోల్టేజీకి చార్జింగ్ సరిగా ఎక్కదు. మిక్సీ సంగతి మీరు అడగలేదు, అయినా చెబుతున్నా, వద్దు. మన వంటకు పనికొచ్చే 110 వోల్టుల మిక్సీలు అక్కడే దొరుకుతాయి.

కువైట్ పోయే మన కడప జిల్లావాళ్లకు ఈ టెన్షనే లేదు. అక్కడ 240 వోల్టులు, 50 హెర్ట్జ్, పిన్ను ఒక్కటే తేడా.

ప్రశ్న: మా బావ అమెరికా నుంచి బ్యాటరీ డ్రిల్ తెచ్చిచ్చాడు. చార్జర్ మీద 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంది. ఇక్కడ పెట్టొచ్చా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: పెట్టొద్దు. మన 230 వోల్టులు దానికి దాదాపు రెట్టింపు, అదృష్టం బాగుంటే ఫ్యూజు పోతుంది, లేకపోతే పొగే. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టేజీ దిగుతుంది గానీ ఫ్రీక్వెన్సీ 50 దగ్గరే ఉంటుంది. లోపల ఇనుప కోరు (తీగ చుట్టిన ఇనుప దిమ్మ) ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాత రకం చార్జరైతే (చేతిలోకి తీసుకుంటే సైజుకు మించిన బరువుంటుంది) 60కి చేసినదాన్ని 50 మీద నడిపితే కోరులో అయస్కాంత బలం సుమారు 20 శాతం పెరుగుతుంది, దాంతో గుయ్యిమని మోగుతూ వేడెక్కుతుంది. 50కి చేసింది 60 మీద నడిస్తే ఈ బాధ లేదు. తేలికపాటి ఎలక్ట్రానిక్ చార్జరైతే స్టెప్‌డౌన్‌తో చాలావరకు నడుస్తుంది, కాకపోతే ఆ స్టెప్‌డౌన్ వాట్లు చార్జర్‌కు సరిపోవాలి.

నన్నడిగితే అదే కంపెనీ, అదే బ్యాటరీకి సరిపోయే 230 వోల్టుల చార్జర్ ఇక్కడ దొరుకుతుందేమో ముందు చూడండి. పిన్ను దూరిందని లిథియం బ్యాటరీకి ఏదో ఒక చార్జర్ తగిలించొద్దు.